స్లాబ్ రోజు ఆ అర బక్కెట్ నీళ్ళు: డెల్టాలో ఇల్లు కట్టేవారికి స్లంప్ పరీక్ష

స్లాబ్ వేసే రోజంటే మన గోదావరి ఊళ్ళలో చిన్న పెళ్ళి లాంటిదే. తెల్లవారకముందే మిల్లర్ (కాంక్రీటు కలిపే యంత్రం) దిగుతుంది. కొబ్బరిచెట్ల కింద పొయ్యి రాజుకుంటుంది. కలిపిన కాంక్రీటు, అంటే మాలు, రెండు మూడు బ్యాచ్‌లు పైకి వెళ్ళాక పైనుంచి కేక వినబడుతుంది: "మాలు బిగుతుగా ఉందండీ, ఇంకో అర బక్కెట్ పోయించండి!" కింద మిల్లర్ దగ్గరున్న కుర్రాడు పోసేస్తాడు. ఆ అర బక్కెట్‌ను ఎవరూ ఏ పుస్తకంలోనూ రాయరు.

ఇది దాని గురించే. అర బక్కెట్ అంటే ఏడెనిమిది లీటర్లు. 50 కిలోల బస్తా సిమెంటుకు 25 లీటర్ల నీళ్ళనుకుంటే నీరు–సిమెంటు నిష్పత్తి 0.50. దాని మీద ఏడున్నర లీటర్లు పడితే 0.65. ఇసుకా కంకరా కొలత తప్పకపోయినా, మంచి సిమెంటే వాడినా, ఆ బ్యాచ్ బలం అక్కడే పోయింది. అలాగని పైనున్న మేస్త్రి గారిది తప్పని కూడా అనలేం. మాలు నిజంగా బిగుసుకుపోయి ఉంటే ఊచల మధ్యకు దిగదు, కింద గుల్లలు పడతాయి. ఆయన మాట సరైనదా కాదా అని అప్పటికప్పుడు, అందరి ముందూ తేల్చే పనిముట్టు ఒకటుంది. దాన్నే స్లంప్ కోన్ అంటారు. ఆ కోన్‌లో మాలు నింపి, కోన్ పైకి లేపేస్తే మాలు ఎన్ని మిల్లీమీటర్లు కుంగిందో అదే దాని స్లంప్, అంటే జారుడు.

నేను సైట్ల మీద పని మొదలుపెట్టిన తొలి రోజుల్లో ఒకే ఇంటికి, ఒకే రోజు, ఒకే మేస్త్రితో స్తంభాలు పోయించాను. పెట్టెలు విప్పాక చూస్తే పొద్దున పోసిన ఒక స్తంభం అడుగున ఊచలు కనబడేంత గుల్ల. సాయంత్రం పోసిన స్తంభమేమో గోటితో గీకితే పొడి రాలింది. కొలతలన్నీ దగ్గరుండి చూసినవే, బస్తాకు నీళ్ళూ అవే. తేడా ఇసుక కుప్పలో ఉంది. పొద్దున పైన ఎండిన ఇసుక తీశారు, సాయంత్రానికి అడుగున నీరు దిగిన ఇసుక వచ్చింది. ఆ రోజు నేను కోన్ తీసి ఉంటే రెండు లోపాలూ పోసేటప్పుడే తెలిసిపోయేవి. అప్పటినుంచి కోన్ లేకుండా ఏ స్లాబూ మొదలుపెట్టలేదు.

ముందు ఇసుక సంగతి

మన దగ్గర ఈ పరీక్షను ఇసుక నుంచే మొదలుపెట్టాలి. డెల్టా అంతా ఒండ్రునేల, ఇక్కడ రాయి దొరకదు. కంకర మెట్ట ప్రాంతపు క్రషర్ల నుంచి ఎండకు కాలి వస్తుంది. ఇసుక మాత్రం గోదావరి ర్యాంపుల (ఇసుక రేవుల) నుంచి వస్తుంది, పడవల్లో నది అడుగునుంచి తీసినదైతే లారీ వెంట నీళ్ళు కారుతూనే వస్తుంది. ఒకటి నీళ్ళు తాగుతుంది, ఇంకోటి నీళ్ళు ఇస్తుంది. బస్తాకు ఇన్ని లీటర్లని గుడ్డిగా పోస్తే పొద్దుటి మాలూ మధ్యాహ్నపు మాలూ ఒకటి కావు.

ఇసుకలో నీరెంతుందో వంటింటి పద్ధతిలోనే తెలుసుకోవచ్చు. కుప్ప మధ్యలోంచి ఒక కిలో ఇసుక తీసి తూచండి. ఇనప పెనంలో వేసి, పూర్తిగా పొడిపొడిగా అయ్యేదాకా కలుపుతూ వేడి చేయండి. చల్లారాక మళ్ళీ తూచండి. 950 గ్రాములు వచ్చిందనుకుందాం, అంటే 50 గ్రాములు నీరే. బస్తాకు వంద కిలోల ఇసుక పడుతుంటే అందులో 5 లీటర్ల నీళ్ళు ముందే ఉన్నాయన్నమాట. ఇసుక గింజ తనలోకి పీల్చుకునేది ఒక శాతం వరకు వదిలేసినా, 4 లీటర్లు మాలులోకి వస్తాయి. 25 లీటర్లు కావాల్సిన చోట మీరు పోయాల్సింది 21 మాత్రమే.

ఇంకో మెలిక ఉంది. తడి ఇసుక పొంగుతుంది. డబ్బాతో కొలిచే సైట్లలో దీనివల్ల ఇసుక తక్కువ పడి, మాలు ముతకగా తయారవుతుంది. గాజు సీసాలో తడి ఇసుకను వదులుగా 20 సెంటీమీటర్ల ఎత్తు పోసి, అది మునిగేదాకా నీళ్ళు పోసి కలపండి. ఇసుక కుదుటపడి 16 సెంటీమీటర్లకు దిగితే పొంగు 25 శాతం. అంటే డబ్బా కొలతను పావు వంతు పెంచాలి. వీలుంటే ఇసుకను తూకంతోనే వేయించండి, ఈ బెడదే ఉండదు.

అక్టోబరు, నవంబరు వాయుగుండాల రోజుల్లో ఇసుక కుప్ప మీద ధాన్యానికి కప్పే బరకమే కప్పండి. అడుగున ఒక జానెడు ఇసుకను వాడకుండా వదిలేయండి.

ఎంత జారుడు కావాలి

కోన్ ఎత్తేముందే ఎంత స్లంప్ కోరుతున్నారో కాగితం మీద రాసుకోవాలి. లేకపోతే వచ్చిన అంకె మంచిదో చెడ్డదో చెప్పలేం. కాంక్రీటుకు భారత ప్రమాణ గ్రంథమైన ఐఎస్ 456:2000 ఇచ్చిన లెక్కలు ఇవి: ఊచలు పలచగా ఉన్న స్లాబులు, దూలాలు, గోడలు, స్తంభాలు, గచ్చులు, కాలువ లైనింగ్, పొడవాటి పునాదులకు 25 నుంచి 75 మి.మీ. ఊచలు దట్టంగా ఉన్న వాటికి 50 నుంచి 100. పంపుతో వేసే కాంక్రీటుకు 75 నుంచి 100. కందకం నింపడానికి, అక్కడే పోసే పైల్స్‌కు (నేలలోకి లోతుగా దించే పునాది స్తంభాలకు) 100 నుంచి 150.

మామూలు రెండంతస్తుల ఇంటి స్లాబుకు వైబ్రేటర్ ఉంటే 60, 70 దగ్గర చక్కగా కూర్చుంటుంది. దూలమూ స్తంభమూ కలిసే చోట ఊచలు కిక్కిరిసి ఉంటాయి కాబట్టి స్తంభాలకు 80 వరకు నేను ఒప్పుకుంటాను. ప్లాంటు నుంచి వచ్చే రెడీమిక్స్‌ను పంపుతో వేసేటప్పుడు 120, 150 కూడా అడుగుతుంటారు. ఆ జారుడు ప్లాస్టిసైజర్ (నీళ్ళు పెంచకుండానే మాలును జారుడుగా చేసే రసాయనం) వల్ల వచ్చిందైతే ఇబ్బంది లేదు, నీళ్ళ వల్ల వచ్చిందైతేనే ముప్పు. భీమవరం, నరసాపురం వైపు మెత్తటి బంకనేలలో పైల్స్ వేసి, నీళ్ళున్న గుంతలో ట్రెమీ గొట్టంతో (మాలును నీళ్ళ అడుగుకు దించే పొడవాటి గొట్టంతో) పోసేటప్పుడు 150 నుంచి 180 కావాలి. దానికి ప్రత్యేకంగా డిజైన్ చేసిన మిక్స్ ఉండాలి. స్లాబు మాలుకే నీళ్ళు పోసి జార్చడం అక్కడ కుదరదు.

బ్లైండింగ్ బెడ్ (పునాది కింద ముందుగా పరిచే పలచటి కాంక్రీటు పొర) లాంటి బాగా బిగుతైన మాలుకు ఈ కోన్ పనికిరాదు, తీసినా కదలదు. వాటికి కాంపాక్షన్ ఫ్యాక్టర్ పరీక్ష ఉంది, అది ల్యాబు పని.

కోన్, కడ్డీ, పళ్ళెం

కోన్ కొలతలు ఎక్కడైనా ఒకటే: పైన 100 మి.మీ., కింద 200 మి.మీ., ఎత్తు 300 మి.మీ. పక్కన రెండు పిడులు, అడుగున కాలితో తొక్కిపట్టే రెండు రెక్కలు. లోపల సొట్టలు గానీ, ఎండి అతుక్కున్న పాత మాలు గానీ ఉండకూడదు. 40 మి.మీ. కంటే పెద్ద కంకర ఉన్న కాంక్రీటుకు ఇది వాడకూడదు.

కుదించే కడ్డీ 16 మి.మీ. మందం, 600 మి.మీ. పొడవు ఉండాలి, కొన గుండ్రంగా ఉండాలి. చాలా సైట్లలో పక్కన పడున్న 16 ఎంఎం ఊచ ముక్కనే కోసి వాడేస్తున్నారు. ఊచకు గాట్లుంటాయి, కోసిన కొన చదరంగా ఉంటుంది. అది మాలును కుదించడం కంటే లాగడమే ఎక్కువ. నున్నటి కడ్డీ ఒకటి లేత్ మీద కొన గుండ్రంగా చేయించుకోండి, ఏళ్ళ తరబడి ఉంటుంది.

వీటితో పాటు చదునైన ఇనప రేకు, స్టీలు స్కేలు, చిన్న పార, తాపీ, తడిగుడ్డ. రేకును మన మెత్తటి మట్టి మీద పెడితే కోన్ మీద నిలబడగానే ఒక పక్కకు దిగిపోతుంది. గట్టి గచ్చు మీద గానీ, ఇటుకలు పేర్చి మట్టం చూసి గానీ పెట్టండి. మిల్లరూ వైబ్రేటరూ ఆడుతున్న చోటికి దూరంగా, నీడలో ఉండాలి.

నమూనా తీయడం

మిల్లర్‌లో అన్నీ పడ్డాక కనీసం రెండు నిమిషాలు తిరగనివ్వండి. తొందరపెట్టి దించిన మాలును పరీక్షిస్తే సరిగ్గా కలవని మాలును పరీక్షించినట్టే. కోన్‌లో పట్టేది సుమారు 5.5 లీటర్లే, బరువు 13 కిలోల దాకా ఉంటుంది. రెండు తట్టల మాలు తీసుకోండి. ఒకే చోటినుంచి కాదు, దించేటప్పుడు మొదట్లో వచ్చేదీ చిట్టచివర వచ్చేదీ వదిలేసి మధ్యలోంచి రెండు మూడు సార్లుగా తీయాలి. తడిపిన రేకు మీద పోసి పారతో మళ్ళీ కలపాలి.

రెడీమిక్స్ లారీ అయితే మొదటి కాస్త మాలు, సుమారు ఘనపు మీటరులో మూడో వంతు, వదిలాక పట్టండి. నమూనా పట్టేముందు డ్రమ్మును వేగంగా ఒక నిమిషం తిప్పించండి.

ఇక పరీక్ష

కోన్ లోపలి భాగాన్నీ రేకునూ తడిగుడ్డతో తుడవండి. తడిగా ఉండాలి, నీళ్ళు నిలవకూడదు. కోన్‌ను రేకు మధ్యలో పెట్టి రెండు రెక్కల మీదా కాళ్ళు పెట్టి నిలబడండి. ఇక కోన్ నిండేదాకా కాలు తీయకూడదు.

మూడు పొరలుగా నింపాలి. పాత ఐఎస్ 1199 (1959) పుస్తకంలో నాలుగు పొరలని ఉండేది, కొందరు ఇప్పటికీ అలాగే చేస్తారు. 2018లో సవరించిన రెండో భాగం మూడు పొరలు అంటుంది. ఒక్కో పొర కోన్ ఎత్తులో మూడో వంతు, ఒక్కో పొరకు 25 పోట్లు. పోట్లన్నీ ఒకే చోట పడకూడదు. అంచు దగ్గర కడ్డీని కోన్ వాలుకు తగ్గట్టు కొంచెం వంచి సగం పోట్లు వేసుకుంటూ, గుండ్రంగా తిరుగుతూ మధ్యకు రావాలి. మొదటి పొరలో కడ్డీ అడుగుదాకా దిగాలి. రెండో పొరలోనూ మూడో పొరలోనూ కింది పొరలోకి కాస్త దిగితే చాలు. బలమంతా చూపించి రేకు మీద ఠంగుమని కొట్టడం అక్కర్లేదు.

మూడో పొరకు మాలు కోన్ పైకి కొంచెం పొంగేలా పోసి కుదించండి. కుదిస్తున్నప్పుడు అంచు కంటే తగ్గితే మధ్యలోనే ఇంకాస్త వేయండి. చివరికి కడ్డీని అంచు మీద దొర్లిస్తూ కోస్తున్నట్టు లాగి మట్టం చేయండి. చుట్టూ రేకు మీద పడ్డ మాలును శుభ్రంగా తీసేయండి. దీన్ని చాలామంది వదిలేస్తారు. ఆ పడ్డ మాలు కోన్ లేపగానే జారే మాలుకు అడ్డుకట్టలా నిలబడి అంకెను తగ్గించేస్తుంది.

ఇప్పుడు పిడులు పట్టుకుని కిందికి నొక్కిపెట్టి, కాళ్ళు తీసి, కోన్‌ను నిలువుగా ఒకే ఊపులో లేపండి. సుమారు 5 సెకన్లు పట్టాలి. తిప్పకూడదు, పక్కకు ఊపకూడదు, గబుక్కున లాగకూడదు. నింపడం మొదలుపెట్టినప్పటి నుంచి లేపేదాకా రెండున్నర నిమిషాలు దాటకూడదు. అందుకే మధ్యలో ఫోను ఎత్తకండి.

లేపిన కోన్‌ను కూర్చున్న మాలు పక్కనే బోర్లించి పెట్టి, దాని మీద కడ్డీని అడ్డంగా మాలు మీదికి వచ్చేలా ఉంచండి. కడ్డీ అడుగు అంచు నుంచి మాలులో అన్నిటికన్నా ఎత్తైన చోటుకు స్కేలుతో కొలవండి. అదే స్లంప్. 5 మి.మీ. సవరణతో రాసుకోండి: 62 కనబడితే 60, 68 కనబడితే 70.

అంకె కంటే ముందు ఆకారం చూడండి

మాలు నాలుగువైపులా సమానంగా కుంగి, ముద్దగా నిలిచితే అది అసలైన స్లంప్, ఆ అంకెను నమ్మొచ్చు. ఒక పక్క సగం ముక్క జారి విరిగిపడితే దాన్ని షియర్ అంటారు. ఆ అంకె రాయొద్దు. అదే బ్యాచ్‌లో వేరే నమూనాతో ఇంకోసారి చేయండి. మళ్ళీ విరిగితే మాలులో పట్టు లేదని అర్థం. ఇసుక తక్కువైందో, ముతక ఇసుక వచ్చిందో చూడాలి. పైన చెప్పిన పొంగు లెక్కలో పొరపాటు చాలాసార్లు ఇక్కడే బయటపడుతుంది. మొత్తం కూలి రేకు మీద పరుచుకుంటే నీళ్ళు మితిమీరాయి. అలా పరుచుకోవాలనే డిజైన్ చేసిన మిక్స్ అయితే కోన్ సరిపోదు, అది ఎంత వెడల్పుకు పాకిందో కొలవాలి.

కొలత అయిపోయాక నేను ఒక చిన్న పని చేస్తాను. రేకు అంచును కడ్డీతో నెమ్మదిగా తడతాను. పట్టున్న మాలు ముద్దగానే ఇంకాస్త కుంగుతుంది. పట్టులేనిది పొడిపొడిగా విడిపోతుంది. చుట్టూ పలచటి సిమెంటు నీళ్ళు కారితే అదీ రాసుకుంటాను. ఏళ్ళ అనుభవమున్న మేస్త్రులు మాలును గుప్పెట్లో ఉండ కట్టి చూసి చెప్పేది కూడా ఈ పట్టు గురించే. ఆయన అన్న మాటా, కోన్ చూపిన అంకే పక్కపక్కన పెట్టి చూస్తే రెండు మూడు స్లాబుల్లో ఇద్దరికీ ఒకే భాష వచ్చేస్తుంది. ఆ తర్వాత నీళ్ళ గురించి గొడవే రాదు.

అంకె తప్పితే ఏం చేయాలి

తక్కువ వచ్చిందా? కేవలం నీళ్ళు పోయొద్దు. ఐఎస్ 10262:2019 ప్రకారం 20 మి.మీ. కంకర వాడే మిక్స్‌కు 50 మి.మీ. స్లంప్ దగ్గర ఘనపు మీటరుకు 186 లీటర్ల నీరు లెక్క. ప్రతి 25 మి.మీ. పెరుగుదలకూ సుమారు 3 శాతం, అంటే ఐదున్నర లీటర్లు. మీటరుకు ఏడు బస్తాలు పడే మిక్స్‌లో అది బస్తాకు ఒక లీటరు కూడా కాదు. మనవాళ్ళు పోసే అర బక్కెట్‌కూ, నిజంగా కావాల్సినదానికీ ఎంత దూరమో ఇక్కడ కనబడుతుంది. ఆ లీటరు పోసినా దానికి తగ్గ సిమెంటు కూడా పడాలి, నిష్పత్తి 0.50 అయితే లీటరుకు రెండు కిలోలు. ప్లాస్టిసైజర్ ఉన్న సైట్లో డబ్బా మీద రాసిన మోతాదు దాటకుండా అదే వాడండి.

ఎక్కువ వచ్చిందా? ఆ బ్యాచ్ మీద పొడి సిమెంటు చల్లడం మన సైట్లలో తరచు చూస్తాను. అది పైపైనే ఉండిపోతుంది, లోపలి నీళ్ళు లోపలే ఉంటాయి. ఆ మాలును స్తంభాలకు, దూలాలకు, స్లాబుకు వాడకండి. బరువు పడని గచ్చు కింది బెడ్‌కు మళ్ళించి, తర్వాతి బ్యాచ్‌లో నీళ్ళు తగ్గించి మళ్ళీ కోన్ పెట్టండి.

సముద్రం దగ్గరి ఊళ్ళకు ఇంకో మాట. అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ లాంటి చోట్ల ఉప్పుగాలి నేరుగా తగిలే కాంక్రీటుకు ఐఎస్ 456 ప్రకారం నీరు–సిమెంటు నిష్పత్తి 0.45 దాటకూడదు, కనీసం ఎం30 గ్రేడు కాంక్రీటు వేయాలి. బస్తాకు ఇరవై రెండున్నర లీటర్లే, అదీ ఇసుకలో ఉన్న నీటితో కలిపి. ఆ నీళ్ళతో స్లాబుకు కావాల్సిన జారుడు రావాలంటే ప్లాస్టిసైజర్ తప్పదు. పైగా అక్కడ బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఊచలున్న కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదు. పైనుంచి కేక వేయగానే పోసే ఆ అదనపు నీళ్ళు ఏ బోరువో చూడండి. బలం తగ్గించడంతో ఆగవవి, ఊచలకు తుప్పు కూడా తెస్తాయి. తాగునీటి ట్యాంకరు గానీ, కాలువ నీళ్ళు గానీ ముందే సిద్ధం చేసుకోండి. ఎండాకాలం మరమ్మతులకు కాలువలు కట్టేసే వారాలు తప్పించి స్లాబు పెట్టుకోండి.

రెడీమిక్స్ లారీ వచ్చినప్పుడు

ముందు చీటీ చూడండి: గ్రేడు, అడిగిన స్లంప్, ప్లాంటులో నింపిన సమయం. నింపినప్పటి నుంచి రెండు గంటల్లో దించేయాలన్నది ఐఎస్ 4926 నియమం. రావులపాలెం వంతెనల మీద బండ్లు ఆగిపోయిన రోజున ఈ సమయం చూడకుండా ఒక్క లారీ కూడా దించనివ్వను. స్లంప్‌లో తేడాను అడిగినదానికి 25 మి.మీ. అటూ ఇటూ, లేదా మూడో వంతు, ఏది తక్కువైతే అంతవరకే ఒప్పుకోవాలి. 100 అడిగితే 75 నుంచి 125. 60 అడిగితే 40 నుంచి 80.

రోహిణి కార్తె ఎండల్లో ప్లాంటులో 130 ఉన్నది సైటుకు వచ్చేసరికి బాగా పడిపోతుంది. డ్రైవరు పైపు తీసి డ్రమ్ములో నీళ్ళు కొట్టబోతే అక్కడే ఆపండి. ప్లాంటు మనిషి తెచ్చిన ప్లాస్టిసైజర్ వేయించి కనీసం ఐదు నిమిషాలు డ్రమ్ము వేగంగా తిప్పించి, కోన్ మళ్ళీ పెట్టండి. అప్పటికీ కుదరకపోతే లారీని తిప్పి పంపండి. ఆ మాట అనడం కష్టమే. పైన ఇరవై మంది చేతులు కట్టుకుని చూస్తుంటారు, ఇంటివాళ్ళ ముఖాలు వాడిపోతాయి. అయినా అనాలి. అందుకే ఎండాకాలం స్లాబులను తెల్లవారుజామునే మొదలుపెట్టి పదిగంటల లోపు సగం దాటేలా చూసుకోండి. కంకర మీద ముందు రోజు సాయంత్రం నీళ్ళు చల్లి నీడ కల్పించండి.

ఎన్నిసార్లు, ఏం రాయాలి

మిల్లర్ పని అయితే మొదటి మూడు బ్యాచ్‌లకూ వరసగా, ఆ తర్వాత గంటకోసారి, ఇసుక కుప్ప మారినప్పుడల్లా, వాన చినుకు పడినా, భోజనాల తర్వాత మిల్లర్ మళ్ళీ తిరిగినా చేయండి. లారీలైతే ప్రతి లారీకీ. బలం పరీక్షకు క్యూబులు (కాంక్రీటు దిమ్మెలు) పోసేది కూడా స్లంప్ తీసిన బ్యాచ్ నుంచే అయితే 28వ రోజున వచ్చే బలాన్ని ఆ రోజు జారుడుతో పోల్చుకోవచ్చు. స్లంప్ ఒక్కటే బలం చెప్పదు, 70 వచ్చిన రెండు మాలుల బలాలు వేరువేరుగా ఉండొచ్చు. పొద్దుటి 70 మధ్యాహ్నానికి 110 అయ్యిందంటే మాత్రం ఏదో మారిందని అప్పుడే తెలుస్తుంది.

రూళ్ళ పుస్తకంలో ఒక్కో పరీక్షకు ఒక్క వరస చాలు: సమయం, బ్యాచ్ నంబరు, ఆ మాలు ఎక్కడ పడింది (ఏ స్తంభం, స్లాబులో ఏ మూల), స్లంప్, ఆకారం, పోసిన నీళ్ళు లీటర్లలో, ఎండా వానా. మేస్త్రి గారి చేత కూడా సంతకం పెట్టించండి.

పని కాగానే, మాలు ఎండకముందే కోన్‌నూ కడ్డీనీ రేకునూ కడిగి, లోపల పలచగా నూనె రాసి, కోన్‌ను రేకు మీద బోర్లించి పెట్టండి. సామాన్ల గదిలో మిల్లర్ బెల్టుల కింద పడేస్తే సొట్టపడుతుంది.